బాబాయి జవాబు

కోర్టు నుంచి వచ్చిన మేడమ్ బాబాయిని మూడు ప్రశ్నలు అడిగారు. మూడింటికీ మైకే జవాబు చెప్పింది.

మైకు ఆ ఇంటి అమ్మాయి. ఐదో తరగతి. అడిగినా అడక్కపోయినా గలగలా మాట్లాడుతుందని నాన్న పెట్టిన పేరది.

బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి బాబాయికి మాట రావడానికి చాలాసేపు పడుతుంది. బ్యాంకు పనులు, మందులు తనంతట తాను చూసుకోలేడు. ఇన్నాళ్లూ నానమ్మ గార్డియన్‌గా ఉండి అవన్నీ చూసుకుంది. ఇప్పుడు నానమ్మ లేదు. హాల్లో ఆమె కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు.

ఆ బాధ్యత నాన్నకు ఇవ్వాలా, బాబాయిని హోమ్‌లో చేర్చాలా అన్నది కోర్టు తేలుస్తుంది. ఆ మాట విన్నప్పటి నుంచి మైకుకు ఒకటే భయం. బాబాయి నోరు విప్పకపోతే తీసుకెళ్లిపోతారేమో. అందుకే టీలో ఎంత చక్కెర కావాలో దగ్గర్నుంచి అన్నీ తనే చెప్పేసింది. వెనక గదిలో హాయిగా ఉన్నాడని కూడా చెప్పింది.

మేడమ్ పెన్ను కింద పెట్టారు.

"బాగా చెప్పావమ్మా. కానీ ఇవి రాసుకోలేను. ఆయన ఇష్టం ఆయనే చెప్పాలి."

మైకు బాబాయి వైపు చూసింది. తల దించుకుని చొక్కా గుండీ తిప్పుతున్నాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయినప్పుడల్లా అలాగే తిప్పుతాడు. ఆ గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది.

"మీకు ఎక్కడ ఉండాలని ఉంది?" అని మేడమ్ మళ్లీ అడిగారు.

మాట మైకు నాలుక చివరిదాకా వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది.

"ఇక్కడే," అన్నాడు బాబాయి.

మైకు ఊపిరి పీల్చుకుంది. కానీ బాబాయి చెప్పడం అయిపోలేదు.

"వెనక గది... వద్దు. చీకటి. కిటికీ గది... కావాలి."

కిటికీ గది మైకుది.

మేడమ్ రాసుకున్నారు. ఇక్కడే ఉండాలన్నది ఆయన సొంత మాటేనని కోర్టుకు చెబుతానని, వెళ్తూ నాన్నతో అన్నారు.

సాయంత్రానికల్లా మైకు తన పుస్తకాలన్నీ వెనక గదికి మోసేసింది. నాన్న బాబాయి మంచం తెచ్చి, కిటికీ పక్కన వెయ్యనా అని కూతుర్ని అడిగాడు. మైకు పలకలేదు.

"ఏం మైకూ, కరెంటు పోయిందా?"

మైకు బాబాయి వైపు తిరిగింది.

"మంచం ఎటు వెయ్యాలి బాబాయ్?"

అడిగి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది, బాబాయి చెప్పేదాకా.