కాటా దగ్గర మూడో గేరు

చిన్న కథే. రెండు ముక్కల్లో అయిపోతుంది.

ఊరి చివర మూతబడ్డ లారీ కాటాకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్తే, ఖాళీ గదిలోంచి ఎవరో తూకం అంకెలు చదువుతారట. ఈ మాట మొదట పుట్టించింది టైలరు. ఆయన కుట్టిన చొక్కా ఇంతవరకూ ఎవరికీ సరిపోలేదు గానీ, ఆయన చెప్పిన దెయ్యం మాత్రం ఊరందరికీ సరిపోయింది. టైలరు సంగతి ఎత్తుకుంటే తెల్లారిపోతుంది... వదిలేద్దాం.

కథ నర్సక్క కారుది. ఇరవై రెండేళ్ల పాతది, గేర్లు వాటంతటవే మారే రకం. నెల రోజులుగా ఆవిడ డ్యూటీ దిగి వస్తుంటే, సరిగ్గా కాటా ముందు గుంతలో కారు ఒక్క కుదుపు కుదిపి, మూడో గేర్లో బిగుసుకుపోయేది. ఎంత తొక్కినా పాకడమే. ఆపి మళ్లీ స్టార్టు చేస్తే, ఏమీ ఎరగనట్టు పరిగెత్తేది.

ముగ్గురు మెకానిక్కులు చూశారు. ముగ్గురూ పట్టపగలే, నీడపట్టున, ఇంజను చల్లారాకే చూశారు. కాటా దగ్గరికి తీసుకెళ్లి చూడమంటే ఒకడికి నడుం నొప్పి, ఒకడికి మేనల్లుడి పెళ్లి. మూడోవాడు నిజాయితీపరుడు, భయమన్నాడు. గేర్‌బాక్సే పోయిందని తేల్చి, కారుని తుక్కుకి ఇచ్చెయ్యమన్నారు.

కార్ల ఎలక్ట్రీషియన్ ఒక్కడే, "గేర్‌బాక్సు బానే ఉంది. దానికెళ్లే తీగ ఎక్కడో తెగింది," అన్నాడు.

ఆ మాట ఎవరూ వినలేదు. ఆయన భార్య పోయి రెండేళ్లు. ఆయన కారు కిందికి దూరి తీగలు కదుపుతుంటే, ఆవిడ లోపల కూర్చుని మీటరు చదివేది. ఇద్దరు చెయ్యాల్సిన పని అది. ఆవిడ పోయాక షెడ్డులో పలకరించే మనిషి లేడు, వచ్చే బండ్లూ తగ్గాయి. ఈ కారు కూడా బాగవ్వకపోతే షెడ్డు మూసేద్దామనుకున్నాడు.

"తుక్కువాడు రేపు పొద్దున్నే వస్తాడు తమ్ముడూ," అంది నర్సక్క తాళాలిస్తూ. "ఇంజను వేడి మీదుంది. చూస్తే ఇప్పుడే చూడు."

"తోడొస్తావా అక్కా?"

"పగలంతా ఆస్పత్రిలో భయపడేవాళ్లకి తోడుండడమే నా పని. మళ్లీ ఓవర్‌టైమా?"

ఒక్కడే వెళ్లాడు.

గుంత... కుదుపు... మూడో గేరు.

బండి అక్కడే ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, డ్యాష్‌బోర్డు కింద మీటరు తగిలించాడు. తీగ బాగుంటే పన్నెండు చూపిస్తుంది, తెగితే సున్నా. కిందికి దూరి తీగ కదిపాడు. బయటికి పాకి, లేచి చూశాడు — పన్నెండు. మళ్లీ దూరాడు, కదిపాడు, లేచాడు... పన్నెండే. చెయ్యి తియ్యగానే తీగ సర్దుకుంటోంది కాబోలు.

ఎన్నోసారో తెలీదు. అలసిపోయి, పాత అలవాటు కొద్దీ, కింద నుంచే అడిగాడు —

"ఎంత?"

గాలి కూడా లేదు.

"పన్నెండు."

మగ గొంతు. నెమ్మదిగా, పొడిగా... కారు లోపల్నుంచి.

ఆయన ఒళ్లంతా బిగుసుకుపోయింది. వేళ్లు మాత్రం తీగ వెంట ఇంకాస్త ముందుకి జరిగాయి.

"ఇప్పుడో?"

"పన్నెండు... పన్నెండు..."

ఇనుప పట్టీ కింద నలిగిన చోటొకటి తగిలింది. నొక్కాడు.

"సున్నా."

టార్చి వేశాడు. పైతొడుగు లోపల తీగ తెగి ఉంది. గుంతలో దిగినప్పుడల్లా ఇంజను ఊగి, దాన్ని లాగుతోంది. గేరు బిగుసుకుపోవడానికి కారణం అదే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. కోసి, కలిపి, టేపు చుట్టి, ఇంకొక్కసారి అడిగాడు.

"పన్నెండు," అంది గొంతు.

బయటికొచ్చి చూస్తే నాలుగు తలుపులూ వేసే ఉన్నాయి. సీట్లో ఎవరూ లేరు.

గుంత మీంచి కారుని మూడుసార్లు తిప్పాడు. గేర్లు వెన్నలా పడ్డాయి. మర్నాడు తుక్కువాడు ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

ఎలక్ట్రీషియన్ జ్వరంతో మంచం పడతాడని ఊరంతా ఎదురుచూసింది. టైలరైతే రోజూ వెళ్లి నుదురు ముట్టుకుని వచ్చాడు. జ్వరం రాలేదు.

వారం తిరక్కుండా ఆయన సామానంతా సర్దుకుని, షెడ్డుని కాటా గదికి మార్చేశాడు.

"ఒక్కడివే ఎలా చేస్తావు తమ్ముడూ, సాయానికి ఎవరినైనా పెట్టుకో," అంది నర్సక్క.

"ఉన్నాడక్కా," అన్నాడు.