పదిహేడో నంబరు పిలుపు

గూఢచారుల్లో కొంగని మించిన వేషగాడు లేడు. పదమూడు దేశాల పోలీసుల ముక్కు కింద నుంచి ఇరవై రెండు వేషాల్లో నడిచి వెళ్ళాడు. ఒకసారి తనని పట్టుకోవడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరుకే దారి చూపించి, టీ తాగించి, బస్సెక్కించి పంపాడు. వేషంలో ఉన్న కొంగని గుర్తుపట్టిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. కావాలంటే రాసిస్తాను.

కదలకుండా గంటలకొద్దీ నిలబడి చూడగలడని డిపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టిన పేరు అది. ఏడాదిగా ఆ కొంగకి కన్ను మూస్తే భయం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం కళ్ళజోళ్ళ దుకాణంలోకి వెళ్ళాడు. కౌంటర్ దగ్గర బట్టతలాయన అద్దం తుడుస్తూ అడిగాడు.

"దూరం కనబడటం లేదా, దగ్గరా?"

"రెండూ బాగానే ఉన్నాయి. మధ్యలోదే మసక."

"లోపలికి వెళ్ళండి."

లోపల, అక్షరాల అట్ట కింద, చీఫ్ కూర్చుని ఉన్నాడు. బల్ల మీద టేప్‌రికార్డర్.

"కూర్చో. టైం లేదు. తీరం వెంట తెరచాప పడవల పందెం జరుగుతోంది, తెలుసుగా?"

కొంగకి తెలుసు. తెలియకపోతే బాగుండేది.

"నాలుగు వందల మైళ్ళు," అన్నాడు చీఫ్. "చిన్న పడవలు, ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి. ఇంజన్ ఉండకూడదు. చప్పుడు లేదు కాబట్టి హార్బర్ కాపలాకి మనం నీళ్ళ అడుగున పెట్టిన మైకులు వాటిని పట్టించుకోవు. అందులో ఒక పడవ, మైకులు ఎక్కడెక్కడున్నాయో కొలుచుకుంటూ పోతోంది. ఏ రోజు కొలతలు ఆ రోజు బయట కాచుకున్న పరాయి చేపల ట్రాలర్‌కి అందుతున్నాయి. ఎల్లుండి పొద్దున్న పడవలు జలసంధిలో ఉంటాయి. అక్కడి కొలత కూడా అందిందా, వాళ్ళ సబ్‌మెరైన్ మన హార్బర్‌లోకి మేళతాళాలతో వస్తుంది."

"ఎలా అందుతున్నాయి?"

చీఫ్ టేపు నొక్కాడు. ఒక ఆడగొంతు నంబర్లు పిలుస్తోంది. "పదహారు." "హాజరు." "పదిహేడు." ఆ తర్వాత మనిషి గొంతు లేదు, వట్టి గాలి హోరు. పది సెకన్లు. అప్పుడు టిక్. టిక్. టిక్.

కొంగే చెయ్యి చాపి టేపు ఆపేశాడు.

పదిహేడో నంబరు అతని అన్నయ్యది. పోయిన ఏడాది పందెంలో, అదే జలసంధి మొదట్లో, పెనుగాలికి పోయాడు. పడవ చెక్క ఒకటి దొరికింది, మనిషి దొరకలేదు. రేడియోలో మాట్లాడే ముందు గోటితో మైకు మీద మూడుసార్లు కొట్టడం అన్నయ్య అలవాటు. ఆ టిక్కుల్ని తీరమంతా ఎరుగును.

"పోయినవాళ్ళు సిగ్నల్ పంపరు," అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. "ఒక్కో టిక్కులో వందల అంకెలు కుక్కి ఉన్నాయి. బర్స్ట్ ట్రాన్స్‌మిషన్. ఏ పడవో మాత్రం తేలడం లేదు. ఇక ఆ గొంతు..."

"మా వదిన."

"మనకి రిపోర్టులు ఇస్తానని ఒప్పుకున్న మనిషే. అవతలి పక్షం మాట కూడా వింటోందని నా అనుమానం. పోయినవాడి నంబరు పిలిచి నిమిషం మౌనం పాటించడం నిరుడు మొదలైంది. ఈ ఏడు వద్దన్నారు కమిటీ వాళ్ళు. పట్టుబట్టి పెట్టించింది ఆవిడే."

"ఆమె మా ఇంటి మనిషి సార్."

"అందుకే నిన్ను పంపుతున్నాను. బయటివాళ్ళకైతే అబద్ధం చెప్పగలదు."

లేవబోతుంటే ఒక పెన్ను చేతిలో పెట్టాడు. పందెం పడవల్లో ఏది సిగ్నల్ పంపినా దాని క్యాప్ మీద పచ్చ దీపం వెలుగుతుందట. ఏ పడవో చెప్పే తెలివి దానికి లేదు.

పందెం ఆఫీసు తెరచాపలు కుట్టే షెడ్డు మీద గది. చెక్కమెట్లు, మైనం పూసిన దారం వాసన, తడి గుడ్డ వాసన. గోడంతా ఒకే తెర. మా బడిలో సముద్రమంటే పటం మీద అరచేతంత నీలం మరక. ఇక్కడ గోడ నిండా నీలం, దాని మీద పాకే చుక్కలు. ఒక్కో చుక్క పక్కన పడవ నంబరూ వేగమూ. నంబర్లు ఇరవై నాలుగు. చుక్కలు ఇరవై మూడు.

మర్నాడు పొద్దున్న ఏడు కావస్తుండగా కొంగ ఆ మెట్లెక్కాడు. బ్యాటరీల మెకానిక్ వేషం. నెరిసిన మీసం, చొక్కా కింద దూది పొట్ట, కుంటి నడక, పనిముట్ల పెట్టె. కుర్చీల్లో పడవవాళ్ళ తాలూకు జనం. ముందు వరసలో నాలుగో నంబరు తల్లి, తెర మీద చుక్కతో మాట్లాడుతోంది.

"మళ్ళీ గట్టు వైపెందుకే? కుడికి తిప్పు... చూశారా, వినదు. ఇంట్లో చెంబు ఇటు తీసి అటు పెట్టదు. పడవని మాత్రం నాలుగొందల మైళ్ళు లాక్కుపోతోంది."

రేడియో దగ్గర వదిన. తెల్ల చొక్కా, జుట్టులోకి తోసిన నల్లద్దాలు, మెడలో నగలా హెడ్‌ఫోన్లు. తీరం పొడుగునా సగం మంది రేడియో పెట్టేది వాతావరణం కోసం కాదు, ఆ గొంతు కోసం.

"బ్యాటరీలు చూడమన్నారమ్మా," అన్నాడు కొంగ బొంగురుగా.

ఆమె తిరిగి కూడా చూడలేదు. ఎదుటి కిటికీ అద్దంలో చూసింది, అంతే. "చూడు. ముందు ఆ మీసం ఎడంపక్క అంటించుకో, ఊడుతోంది. కుంటేది ఏ కాలో కూడా తేల్చుకో. మెట్ల మీద ఒకటి కుంటావు, గదిలో ఒకటి కుంటావు."

గుర్తుపట్టిన మనిషి పుట్టలేదన్నాను కదూ. పుట్టింది. పుట్టి ముప్పై నాలుగేళ్ళయింది. రాసిస్తానన్న కాగితం మీరు అడగలేదు కాబట్టి బతికిపోయాను.

"ఏడాది పట్టిందేం మరిదీ," అంది ఆమె మెల్లగా, "మా గుమ్మం ఎక్కడానికి?"

అంతలో ఏడు కొట్టింది. ఆమె పిలవడం మొదలుపెట్టింది. ఒకటి, హాజరు. రెండు, హాజరు. పదహారు దాటాక గదిలో అందరూ లేచి నిలబడ్డారు.

"పదిహేడు."

తలలు వంగాయి, కళ్ళు మూసుకున్నాయి. తీరం మీద సిగ్నళ్ళు వినే ఉద్యోగులు సైతం ఆ నిమిషం హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెడతారు. నీళ్ళ మీద ఉన్నవాళ్ళు తెరచాప తాడు వదిలేస్తారు. గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటుంది, పడవ నిలిచిపోతుంది. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. పడవవాళ్ళు ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చుకున్నది, గట్టు మీద కొద్దిమందికే తెలిసినది.

కొంగ కళ్ళు మూయలేదు. మూస్తే నీళ్ళలోంచి ఒక చెయ్యి లేస్తుంది, దానికి అన్నయ్య వాచీ ఉంటుంది. అందుకని తెర వంకే చూస్తున్నాడు. చుక్కల పక్కన అంకెలు పడిపోతున్నాయి. అయిదు, మూడు, ఒకటి, సున్నా.

టిక్. టిక్. టిక్.

వదిన పెదవులు కదిలాయి. కొంగ పద్నాలుగేళ్ళ ట్రైనింగు ఆ మూడు చప్పుళ్ళకి గాలికి పోయింది. అన్నయ్య బతికే ఉన్నాడు, అంతే. అప్పుడు జేబులో పచ్చగా వెలిగింది. ఏదో పడవ సిగ్నల్ పంపుతోంది. మళ్ళీ తెర చూశాడు. అన్నీ సున్నాలే. ఒక్క తొమ్మిదో నంబరు పక్కన మాత్రం నాలుగూ పాయింట్ ఒకటి. నిమిషమంతా అదే నాలుగూ పాయింట్ ఒకటి.

పిలుపులు అయ్యాక ఇద్దరూ కింద షెడ్డులోకి దిగారు. తలుపులు మూసి ఉన్నాయి, గాలి లేదు. అయినా దూలాలకి వేలాడదీసిన తెరచాపలు ఎవరో మధ్యలోంచి నడిచి వెళ్ళినట్టు ఊగుతున్నాయి.

"తొమ్మిదో నంబరు తాడు వదల్లేదు వదినా."

"మరిచిపోయాడేమో."

"అన్నయ్య పోయిన చోటికి వెళ్తూ, అన్నయ్య నంబరు పిలుస్తుంటే మరిచిపోతాడా పడవవాడు? మౌనం సంగతి ఎవరో చెప్పారు వాడికి. తాడు సంగతి చెప్పినవాళ్ళకే తెలీదు. పక్కవాణ్ణి చూసి నేర్చుకుందామంటే పక్కవాడు రెండు మైళ్ళ అవతల."

ఆమె వెంట తెచ్చుకున్న హెడ్‌ఫోన్ల పెట్టె అడుగునుంచి ఒక కాగితం తీసిచ్చింది. టైపు అక్షరాలు. మీ ఆయన మా దగ్గర క్షేమం. రోజూ ఆయన నంబరు పిలిచి నిమిషం ఖాళీ ఇవ్వు. గోటితో మూడు కొడతాడు. ఎవరికైనా చెబితే అవి ఆగిపోతాయి.

"నమ్మావా?"

"నమ్మలేదు," అంది. "అయినా ఇచ్చాను. రోజుకి ఒక్క నిమిషం మొగుడు బతికుంటే, మిగతా రోజు ఎలాగోలా ఈడ్చుకు రావచ్చు. నీకు తెలీదులే."

కొంగ పొట్ట మీది దూది తీసి పక్కన పెట్టాడు. ఆ మాట వేషంలో చెప్పకూడదనిపించింది. "వదినా, ఆ రోజు అన్నయ్యని దారి మళ్ళించింది నేను. ఆ ట్రాలర్ ఫోటో ఒకటి తీసిపెట్టమన్నాను. గాలి ముదురుతోందని తెలిసీ వెళ్ళాడు, నేనడిగానని."

"కెమెరా సంచీలో సర్దింది నేను," అంది ఆమె. "ఎవరికని అడిగితే తమ్ముడికన్నాడు. నువ్వొచ్చి నీ నోటితో చెప్తావని ఏడాది చూశాను."

ఒక తెరచాప అంచు అతని భుజానికి తగిలి వెనక్కి పోయింది. ఇద్దరూ అటు చూడలేదు.

"రేపటి నిమిషం వాళ్ళకి దక్కకూడదు," అన్నాడు కొంగ చివరికి. "కోస్ట్‌గార్డ్ లాంచీ చప్పుడు ముందే వింటే, వాడు యంత్రాన్ని ఒక్క తన్నుతో నీళ్ళపాలు చేస్తాడు. ఏమేం కొలిచాడో మనకి తెలీకుండా పోతుంది. సిగ్నల్ పంపేటప్పుడైతే చెవులకి హెడ్‌ఫోన్లుంటాయి, రెండు చేతులూ యంత్రం మీదుంటాయి. అప్పుడే పట్టుకోవాలి. టిక్కు వచ్చేది పదో సెకనుకి. ఈలోపు నువ్వు మైకు బటన్ నొక్కి పట్టుకుంటే, చానల్‌లోకి ఇంకెవరి సిగ్నలూ దూరదు."

"నొక్కితే ఆయన నోరు నేనే మూసినట్టు."

"అది అన్నయ్య కాదు వదినా."

"ముందు ఆ మాట నీకు నువ్వు చెప్పుకో. పొద్దున్న నీ మొహం నేనూ చూశాను."

మర్నాడు ఏడింటికి చుక్కలన్నీ జలసంధిలో ఉన్నాయి. కొంగ మీసం లేకుండా వచ్చాడు. నాలుగో నంబరు తల్లి ఎగాదిగా చూసి, "మెకానిక్ గారబ్బాయా? మీ నాన్నకంటే నువ్వే నయం, కుంటడం లేదు," అంది. బయట లాంచీ ఒక కొండకొమ్ము చాటున ఇంజన్ ఆపుకుని కాచుకుంది, పిలుపు వినబడగానే బయల్దేరడానికి.

"పదహారు."

"హాజరు."

"పదిహేడు."

అందరూ లేచారు. వదిన వేలు బటన్ మీద ఉంది, నొక్కలేదు. ఒకటి. రెండు. మూడు. కొంగ చెయ్యి చాపితే బటన్ అందుతుంది. చాపలేదు. అది ఆమె నొక్కాల్సింది. అయిదు. ఆరు. ఆమె చెవి రేడియోకి ఇంకాస్త దగ్గరగా వంగింది. ఎనిమిది.

తొమ్మిదో సెకనులో నొక్కింది.

"పదిహేడూ, విను," అంది. తీరమంతా విన్నది. "నీ చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. రోజూ కాలికి తట్టుకుంటున్నాయి. ఇవాళ తీసేస్తాను. గొడుగు ఊచ బాగుచేయించమన్నావు, చేయించాను. వాన వచ్చిన ప్రతిసారీ రెండు గొడుగులూ తీస్తున్నాను, ఒకటి మళ్ళీ లోపల పెడుతున్నాను. నువ్వు రావు. రాలేవు. ఎవరెవరో నీ గోటితో కొడుతున్నారు, నేను తలుపు తీస్తున్నాను. ఇక తియ్యను."

జేబులో పచ్చ దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. తొమ్మిదో నంబరు వాడు మూసిన తలుపుని బాదుతున్నాడు. కళ్ళు మూసుకున్న జనంలో ఎవరో ముక్కు చీదారు. తెర మీద వాడి వేగం నాలుగూ పాయింట్ మూడు... రెండు... సున్నా. కొంగ చెవిలోని బుల్లి ఫోనులో చీఫ్ గొంతు.

"కళ్ళజోడు తయారైంది. వచ్చి తీసుకెళ్ళు."

వదిన బటన్ మీంచి వేలు తీసింది. వేలికొస తెల్లగా పాలిపోయి ఉంది. "పద్దెనిమిది," అని పిలిచింది.

పరాయి ట్రాలర్ మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, వలలో చేపా లేక, చెవిలో కబురూ లేక, వచ్చిన దారినే పోయింది. తొమ్మిదో నంబరు వాడు పడవలకి కొత్త, జీతానికి వచ్చినవాడు. తాడు ఎందుకు వదలాలో లాకప్పులో కూడా వాడికి అర్థం కాలేదట.

మర్నాడు పందెం ఆఖరి రోజు. చుక్కలు ఇరవై రెండు. కొలతల యంత్రం చీఫ్ బల్ల మీద, టేప్‌రికార్డర్ పక్కన. వదిన పదిహేడు అని పిలిచి వేలు తీసేసింది. కొంగ కూడా అందరితో పాటు తల వంచి, ఏడాది తర్వాత మొదటిసారి కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి లేవలేదు. వట్టి నీళ్ళు, వాటి మీద ఎండ.

టిక్. టిక్. టిక్.

కళ్ళు తెరిచాడు. తెర మీద ఇరవై రెండు సున్నాలు. జేబులో పెన్ను చూశాడు. దీపం వెలగలేదు.

వదిన కాసేపు రేడియో వంక అలాగే చూసింది. "ఎప్పుడూ ఇంతే," అంది, మైకుకి దూరంగా. "అందరూ లేచాక వస్తాడు."

మరిక దాచడం ఎందుకు, ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది. ఆ పెన్ను. అలాంటి పెన్ను ఏ డిపార్ట్‌మెంట్‌లోనూ లేదు. కొంగ జేబులో ఉన్నది మామూలు సిరా పెన్ను, అదీ కారేది. కాబట్టి ఆ చివరి మూడు టిక్కులూ ఏ పడవలోంచీ రాలేదని రుజువు చూపించమంటే, నా దగ్గర ఒక సిరా మరక తప్ప ఏమీ లేదు.