తేదీ రాయని చీటీ

పొద్దున్నే షాపు తెరిచి, ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో చూద్దామని ఆయన దానిమీద నాలుగు నీటి చుక్కలు చిలకరించాడు. అవి సుయ్యిమన్నాయి. సరిగ్గా అప్పుడే భార్య ఆ మాట చెప్పింది.

"సాయంత్రం అక్క దగ్గరికి వెళ్తున్నా. మళ్ళీ ఎప్పుడొస్తానో తెలీదు."

"ఊఁ," అన్నాడాయన.

ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే ఊఁ. ఖాతాదారుల బొత్తాలు కుట్టీ కుట్టీ నడుము నొప్పిగా ఉందంటే ఊఁ. ఆదివారమైనా షాపు మూద్దామండీ అంటే ఊఁ. ఆ ఊఁ అన్న మనిషే ఆదివారం పొద్దున్నే వెళ్ళి షట్టరు ఎత్తేవాడు. ఇంకొకడైతే కసురుకునేవాడేమో, కనీసం దెబ్బలాడ్డానికైనా ఎదురుగా ఓ మనిషి ఉండేవాడు. కోప్పడే ఓపిక కూడా ఆమెకి అయిపోయింది.

నిన్న సర్దుకున్న బ్యాగు మాసిన బట్టల గంప పక్కనే ఉంది. అందులో నాలుగు జతలు, నలిగినవి నలిగినట్టే పెట్టుకుంది. వీధి వీధంతా ఆయన ఇస్త్రీ చేసిన బట్టలేసుకుని తిరుగుతుంది, ఇంటి ఇల్లాలివి మాత్రం ఎప్పుడూ నలిగే ఉంటాయి. ఇంటివే కదా, తర్వాత చూద్దాం అనేవాడు. ఆమె అడగడం మానేసి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

ఆమె షాపు పైనున్న ఇంట్లోకెళ్ళి పని చూసుకుని కిందికి వచ్చేసరికి కూతురు కెమెరా బిగిస్తోంది. ఆ పిల్ల ఓ ఆఫీసులో వీడియోలు ఎడిట్ చేస్తుంది. సెలవు దొరికితే స్నేహితులతో కలిసి ఓ ఉత్తుత్తి డాక్యుమెంటరీ తీస్తుంది. వింత వింత పెళ్ళిళ్ళకి ఏర్పాట్లు చేసుకుంటున్న జంటల కథ. చూడ్డానికి నిజం ఇంటర్వ్యూల్లాగే ఉంటాయి, అంతా కల్పితం. ముందుగా రాసుకున్న మాట ఒక్కటీ ఉండదు, అప్పటికప్పుడు తోచింది చెప్పాలి. ఒక జంట నీళ్ళలో మునిగి పెళ్ళాడతామంటారు. లిఫ్టులో పెళ్ళాడాల్సిన జంట మాత్రం నిజంగానే పోట్లాడుకుని రావడం మానేశారు.

"వాళ్ళ బదులు మీరిద్దరూ కూర్చోండమ్మా. ఒక్క అరగంట."

"ఈ వయసులో నాకు పెళ్ళేంటే? ఉన్న పెళ్ళితోనే నా పని అయిపోయింది."

"అదిగో, అలా మాట్లాడితే చాలు. ఒకటే నియమం. ఎదుటి మనిషి ఏమన్నా కాదనకూడదు. ఒప్పుకుని, దానికి ఇంకో మాట కలపాలి. నాన్నా, ఊఁ కొడితే కుదరదు."

"ఊఁ," అన్నాడు నాన్న.

వెళ్ళేముందు పిల్ల మాట తీసెయ్యడం ఎందుకులే అనుకుని ఆమె స్టూలు మీద కూలబడింది. కూతురు కెమెరా ఆన్ చేసింది.

"చెప్పండి, పెళ్ళి ఎక్కడ?"

"ఇక్కడే, ఈ షాపులోనే," అంది ఆమె. "ఈయన్ని ఇక్కణ్ణుంచి కదిలించడం ఎవరి తరం?"

ఆయన పక్క స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. "అవును. వచ్చేవాళ్ళందరూ మాసిన బట్టలతో రావాలి. వెళ్ళేటప్పుడు ఇస్త్రీ మడతలతో వెళ్ళాలి."

"అవును. పెళ్ళికూతురు మాత్రం మధ్యలో లేచి బొత్తాలు కుట్టాలి. ఎవరిదో కోటు అర్జంటు."

"అవును. పెళ్ళికొడుకు ఇటు తిరిగి ఇస్త్రీ చేస్తుంటాడు, ఆవిడ అటు తిరిగి కుడుతుంటుంది. ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడదు."

కూతురు నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్ని మాటలు ఇన్నేళ్ళూ ఎక్కడ దాచాడో ఈ మహానుభావుడు అని ఆమెకి ఒళ్ళు మండింది.

"పెళ్ళయ్యాక ఏం చేస్తారు?"

"పెళ్ళవగానే పెళ్ళికూతురు వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోతుంది," అంది ఆమె.

ఇప్పుడు కాదనడానికి లేదు, మాట కలపాలి. ఆయన బల్లమీద దుప్పటిని అరచేత్తో సాపు చేశాడు.

"అవును. వెళ్తుంది. ఆవిడ బట్టలు పెళ్ళికొడుకు పొద్దున్నే ఇస్త్రీ చేసి బ్యాగులో పెట్టేశాడు."

ఆమె లేచి బ్యాగు జిప్పు లాగింది. నాలుగు జతలూ చేతులు లోపలికి మడిచి, మడత చెదరకుండా మధ్యలో కాగితం పెట్టి ఉన్నాయి. పైన షాపు చీటీ గుచ్చి ఉంది. ఎవరి మూటకైనా పేరూ, తిరిగిచ్చే తేదీ రాసి గుచ్చడం ఆయన అలవాటు. దీనిమీద పేరు దగ్గర 'మా ఆవిడ' అని ఉంది. తేదీ దగ్గర ఖాళీ.

"విన్నారన్నమాట," అంది ఆమె. "వినే ఊఁ అన్నారా?"

"అమ్మా, ఇది కూడా సీనేనా?"

"కాదు. నువ్వు కాసేపు ఊరుకో." ఆయన వైపు తిరిగింది. "ఉండమని ఒక్క మాట అనడానికి నోరు రాలేదా మీకు?"

"ఏ మొహం పెట్టుకుని అనమంటావు?" ఆయన తల ఎత్తలేదు. "వీధి చివర కొట్టుకి వెళ్ళినా వెళ్ళొస్తా అనే మనిషివి. ఇవాళ వెళ్తున్నా అన్నావు. ఆ మాట వినగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాకు వచ్చిన పని ఇదొక్కటే, అదే చేశాను. ఎన్నేళ్ళ కిందటో చెయ్యాల్సిన పని."

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళ ఏడుపు, ఒక పట్టాన ఆగలేదు. ఆయన పక్కకొచ్చి ఏం చెయ్యాలో తెలీక, ఇస్త్రీ చేసిన జేబురుమాలు ఒకటి చేతికిచ్చాడు. అది ఎవరో ఖాతాదారుడిది.

"తేదీ రాయలేదేం?" అంది ముక్కు తుడుచుకుని.

"అది నేను రాసేది కాదు."

ఆయన చొక్కా జేబులోంచి పెన్ను లాక్కుని ఆమే రాసింది. "అక్కని చూడాలని ఉంది. ఈ నడుముకి కాస్త విశ్రాంతి కావాలి. కాబట్టి వెళ్ళడం మాత్రం వెళ్తా. ఆదివారం షట్టరు దించేసి మీరే వచ్చి తీసుకురావాలి."

అలవాటుగా ఊఁ అనబోయి ఆయన నోరు మూసుకున్నాడు.

"దించేస్తాను. వస్తాను," అన్నాడు.

కూతురు కళ్ళు తుడుచుకుంటోంది. కెమెరా ఎప్పుడు పక్కకి వాలిందో, అప్పట్నుంచీ ఖాళీ స్టూళ్ళని తీస్తోంది.

సాయంత్రం ఆమె గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తానండీ."

"వెళ్ళి రా," అన్నాడాయన. 'రా' అనేటప్పుడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూశాడు.