నాలుగో దోమ

నాలుగో వీధిలో ఆ ఉదయం కనకరత్నం పన్నెండో దోమగూడు దించింది. ఇంటింటి చూరుకీ వేలాడే ఆ గూళ్లలో ముందురోజు చిక్కిన దోమల్ని ఒక్కొక్కటిగా జాడపెట్టెలో పెట్టడం ఆమె ఉద్యోగం. పెట్టె దోమ కడుపులోంచి చుక్క తీస్తుంది. అందులో వైరస్ ఉంటే దాని జన్యువుల్ని చదివి, వైరస్ వంశవృక్షంలో ఏ కొమ్మలో పుట్టిందో, ఏ ఊరి మీదుగా వచ్చిందో చెబుతుంది. ఎవరి రక్తమో పేరుతో సహా చెబుతుంది. ఈ పెట్టెలు వచ్చాక ఊళ్లకు ఊళ్లు మంచాన పడటం ఆగింది. వీధికి ఒకరు పోతున్నారు, అంతే.

ఈసారి ఆ ఒక్కరు ఎర్నమ్మ కూతురు. ఈ పన్నెండో గూడు వాళ్ల చూరుదే. ఎర్నమ్మ గడపలో కూర్చుని ఉంది. మొన్న ఆ గడప దగ్గరే పిల్లను సాగనంపింది.

మూడు దోమల్లో ఏమీ లేదు. నాలుగోది పెట్టగానే పెట్టె పలికింది. "వైరస్ ఉంది. ఏడో కొమ్మ. రక్తం: ఇందుజ, పంతొమ్మిదేళ్లు, ఇదే ఇల్లు."

కనకరత్నం దాని గొంతు మూసే మీట కోసం తడుముకుంది. ఎర్నమ్మ అప్పటికే లేచి వచ్చింది.

"ఏటన్నాది? మళ్ళీ సెప్పించు."

"వద్దొదినా."

"బతికున్నాదా ఆ దోమ?"

"ఉంది."

ఎర్నమ్మ గాజుమూత మీద వేలు పెట్టింది. "అయితే నా పిల్ల నెత్తురు ఇంకా ఎచ్చగున్నాది."

"రేపటికి అరిగిపోద్ది వదినా. జబ్బే మిగుల్తాది. వదిలేస్తే పది రోజులకి ఇంకో ఇంటి పిల్లని కుడతాది. కాల్చెయ్యాలి."

"కాల్చు, వద్దన్నానేటి? మొన్న నన్ను గుమ్మంలోనే ఆపేసినారు. ఆడది కాటికి రాకూడదంట. కన్నదాన్ని! ఈ అగ్గి నాను పెడతానే, కనకం."

దోమను కాల్చే మీట ఉద్యోగి వేలికి తప్ప పనిచేయదు. కనకరత్నం తన వేలు ఆనించి ఆగింది. ఎర్నమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, ధార పోస్తూ పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగి, ఆ వేలి మీద తన వేలు వేసి నొక్కింది. చిన్న మెరుపు. వేలికి అంటేంత బూడిద కూడా మిగల్లేదు.

"ఏడో కొమ్మ. జాడ ముగిసింది," అంది పెట్టె.

మర్నాడు ఎర్నమ్మ తలస్నానం చేసి గూడు కింద నిలబడి ఉంది. "ఈయాల వచ్చినాదా?"

"లేదొదినా."

ఆ మర్నాడూ అడిగింది. ఆ పై రోజూ అడిగింది. ఆ పిల్ల రక్తం ఇక ఏ దోమలోనూ రాదని కనకరత్నానికి తెలుసు.

అయిదోనాడు ఆమె ముందుగానే పెట్టె గొంతు మూసేసి, ఏ పేరూ లేని ఒక దోమను గాజుమూత కింద చూపించింది.

"వచ్చిందొదినా."

ఎర్నమ్మ చెంబు కోసం లోపలికి పరిగెత్తింది.