రెండున్నర శ్రుతి

"టిన్ విజిల్ ఉందాండీ?"

తలెత్తి చూస్తే షైనీ. నా చేతిలో ఉన్న హార్మోనియం రీడు కిందపడి బల్లకిందికి జారింది. వెతకబుద్ధి కాలేదు.

రెండువేల రెండు నవంబరు. అమలాపురం గడియార స్తంభం దగ్గర మా మావయ్య వాయిద్యాల కొట్టులో పనిచేసేవాణ్ణి. ఆదివారాలు రాజోలు దగ్గరున్న మా ఊరి చర్చిలో హార్మోనియం వాయించేదీ నేనే. షైనీ అదే చర్చిలో రెండో బెంచీలో కూర్చుని పాడుతుంది. మూడేళ్ళుగా ఆ బెంచీ వైపు చూస్తూ మెట్లు తప్పుతున్నాను. మాట్లాడింది మాత్రం ఏడుసార్లే.

"ఉందండి. ఎవరికండీ?"

"నాకే. నేర్చుకుందామని. మొదటిసారి కదండీ, ఏది కొనాలో తెలీక రాయించుకొచ్చేను."

చీటీ అందించింది. దానిమీద డి అనే ఇంగ్లీషు అక్షరం ఒక్కటే ఉంది. కింద సంతకం. నూకరాజు.

నాకు ఒళ్ళు భగ్గుమంది.

నూకరాజు మా ఊరివాడే. మస్కట్‌లో హోటల్లో వంటపని. అక్కడెవరి దగ్గరో టిన్ విజిల్ నేర్చుకుని సెలవుమీద వచ్చాడు. ఆరు బెజ్జాలున్న సన్నటి రేకుగొట్టం, దానికో ప్లాస్టిక్ మూతి. తన చెల్లెలి పెళ్ళిలో దాన్ని ఊదితే ఊరంతా నోళ్ళు తెరిచింది. ఆ తర్వాత భోజనాలు మానేసి షైనీ అతని పక్కన అరగంట నిలబడి మాట్లాడింది. ఆ అరగంటా నేను విస్తరి ముందు కూర్చుని ఏం తిన్నానో నాకు తెలీదు. అతను కొట్టుకున్న సెంటు వాసన మాత్రం ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

నూకరాజు విజిల్ శ్రుతి డి, అందుకని ఈవిడకీ డి కావాలి. ఇద్దరూ గోదారి గట్టుమీద కూర్చుని జంటగా ఊదుతారన్నమాట. మనం చప్పట్లు కొట్టాలి కాబోలు.

"ఇత్తడిది మంచిదా, తెల్లదా అండీ?" అంది షైనీ.

"నేర్చుకోడానికి ఏదైనా ఒకటేనండి. ఖరీదైంది అక్కర్లేదు. మెల్లగా ఊదినా పలకాలి, పై మెట్లు కీచుమనకూడదు. అంతే."

కడుపు మండుతున్నా వ్యాపారధర్మం తప్పలేదు. అప్పటికి.

"ఊది చూడొచ్చా?"

"కుదరదండి."

గోడమీద మావయ్య రాయించిన బోర్డు చూపించాను. నోటితో వాయించే సరుకు కొనేవారు ఊదరాదు. ఎంగిలి చేసి వదిలేస్తే ఇంకెవరూ కొనరని ఆయన పెట్టిన నియమం. మేమే ఊది వినిపిస్తాం. నచ్చినదాన్ని లోపల డెటాల్ నీళ్ళతో కడిగి ఇస్తాం.

"మీరు ఊదితే ఎంగిలి కాదాండీ?"

"కొట్టువాళ్ళది లెక్కలోకి రాదండి."

ఫక్కున నవ్వింది. బయట అల్పపీడనం వాన. టార్పాలిన్ అంచునుంచి చినుకులు ఆమె గొడుగు మీద పడుతున్నాయి. ఆ నవ్వు నూకరాజు కూడా విన్నాడు కదా అని గుర్తొచ్చి, వచ్చిన సంతోషం వచ్చినట్టే పోయింది.

కొట్టులో ఉన్నవి మూడు. వరసగా ఊదాను. షైనీ కళ్ళు మూసుకుని విన్నది.

"మధ్యది బాగుందండి. గొంతు మెత్తగా ఉంది. డి ఏదండీ?"

మధ్యదే డి.

"చివరిదండి," అన్నాను.

అనేశాక నాకే ఆశ్చర్యమేసింది. వెనక్కి తీసుకోలేదు. చివరిది ఇ-ఫ్లాట్, డి కన్నా అరమెట్టు ఎక్కువ. ఒంటరిగా వాయించుకుంటే తేడా తెలీదు. పక్కన డి పలికిందంటే మాత్రం రెండు పిల్లులు కొట్లాడుకున్నట్టే. నాక్కావలసిందీ అదే. లోపలికెళ్ళి కడిగి, గొట్టంమీద అచ్చేసిన అక్షరాలు కనపడకుండా మా కొట్టు స్టిక్కరు అంటించి తెచ్చాను.

"ఇదేనాండీ డి?"

"ఆయ్, అదేనండి."

డిసెంబరు మొదట్లో నూకరాజు మస్కట్ వెళ్ళిపోయాడు. ఇద్దరూ ఒక్కసారి కూడా కలిసి వాయించలేదని ఆరా తీస్తే తెలిసింది. ఆరోజు రెండు కాజాలు ఎక్కువ తిన్నాను.

రెండో శనివారం చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. షైనీ సంచీలోంచి విజిల్ తీసి నా హార్మోనియం పక్కన నిలబడింది.

"మొదటి పాటకి నేనూ వాయిస్తానండి. నెలరోజులుగా అదే సాధన చేస్తున్నాను. మీకు చెప్పకుండా ఉంచేను."

ఆ విజిల్ నా హార్మోనియంతో కలవదు. మా చర్చిలో పాటలన్నీ రెండు శ్రుతిలోనే పాడతారు. కారణం భక్తి కాదు, నాకు వచ్చింది అదొక్కటే.

మొదలుపెట్టాం. వెనక ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు.

"మళ్ళీ చూద్దామండి," అంది. మళ్ళీ అదే గోల. మూడోసారి ఎవరో కిసుక్కున నవ్వారు. షైనీ మొహం ఎర్రబడింది. విజిల్ సంచీలో పడేసుకుని బెంచీలో కూర్చుంది. ఆ తర్వాత పాటల్లో ఆమె గొంతు వినపడలేదు. నిజం చెప్పేయాల్సింది అప్పుడే. హార్మోనియం మూసేసి ఇంటికెళ్ళిపోయాను.

సోమవారం తడుస్తూ కొట్టుకొచ్చింది. విజిల్ బల్లమీద పెట్టింది.

"ఎవరికైనా ఇచ్చేయండి."

"అదేంటండీ?"

"నాకు చెవి లేదండి. ఇంట్లో బాగానే ఉన్నట్టుంటది. మీ హార్మోనియంతో కలిపేసరికి తెలిసొచ్చింది. ఇన్నేళ్ళూ మొహమాటానికి ఎవరూ చెప్పలేదేమో. పాడ్డం కూడా మానేస్తాను. ఫాదరుగారికి చెప్పేశాను."

"నా హార్మోనియంతో ఎందుకండీ? నూకరాజుగారితో వాయిద్దామని కదా కొన్నారు?"

"ఆయనతో నాకేం పని?" కళ్ళు పెద్దవి చేసింది. "మా చర్చిలో రెండు శ్రుతండి, దానికి కలిసేది ఏది కొనుక్కోవాలని అడిగేను. ఆయనకి శ్రుతుల లెక్క తెలీదు. అరగంట మెల్లగా మన పాటలు పాడి వినిపిస్తే, ఆయన విజిల్‌తో పోల్చుకుని డి అని రాసిచ్చేరు. మీరు వాయిస్తుంటే పక్కన నేనూ వాయించాలని..."

ఆగిపోయింది.

రెండు శ్రుతే డి. రీడ్లు మార్చి బతికేవాణ్ణి, ఆ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చీటీ చూసినరోజు మాత్రం నాకు అక్షరం కనపడలేదు, సంతకమే కనపడింది.

చెప్తే షైనీ ఇంక నా మొహం చూడదు. చెప్పకపోతే ఇంక పాడదు. గోటితో స్టిక్కరు గీకేశాను.

"ఇది డి కాదండి. అరమెట్టు ఎక్కువ. తెలిసే ఇచ్చాను. ఆరోజు మధ్యది బాగుందన్నారు చూడండి, అసలు డి అదే. మీ చెవి మొదటిరోజే సరిగ్గా చెప్పింది. నా బుద్ధే బాలేదు."

"ఎందుకు చేసేరండీ?"

"కుళ్ళండి. ఆ సంతకం చూసి తట్టుకోలేకపోయాను. మీరంటే నాకు చాలా ఇష్టం. మూడేళ్ళనుంచీ. అది చెప్పే ధైర్యం లేక ఇది చేశాను."

షైనీ గొట్టంమీద బయటపడ్డ అక్షరాలు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రెండ్రోజులనించి అన్నం సయించలేదండి నాకు," అంది.

అసలు డి తీసి బల్లమీద పెట్టాను. దానివైపు చూడలేదు. పాత విజిలే తీసుకుని వానలోకి వెళ్ళిపోయింది.

పారేయడానికే పట్టుకెళ్ళిందేమో. ఒకవేళ వాయించడానికైతే? మళ్ళీ నలుగురి ముందూ నవ్వులపాలు చెయ్యలేను. ఆ మధ్యాహ్నమే ఆ విజిల్‌కి కలిసే రెండున్నర శ్రుతిలో సాధన మొదలుపెట్టాను. రెండు శ్రుతికి అలవాటుపడ్డ వేళ్ళు ఒక్కటీ మాట వినలేదు.

"ఏంట్రా, చెయ్యి విరిగినోడిలా వాయిస్తున్నావ్?" అన్నాడు మావయ్య.

"అలాంటిదే మావయ్యా," అన్నాను.

క్రిస్మస్ పొద్దున్న షైనీ ఆకుపచ్చ పట్టుచీరలో వచ్చింది. చేతిలో విజిల్ ఉంది. నావైపు చూడకుండా వచ్చి హార్మోనియం పక్కన నిలబడింది. ఆడవాళ్ళు ముందుజాగ్రత్తగా పైటచెంగులు చెవుల దగ్గరికి తెచ్చుకున్నారు. నేను రెండున్నర మెట్టుమీద వేలు పెట్టాను.

కలిసింది.

షైనీ చటుక్కున తిరిగి నన్ను చూసింది. రెండో చరణంలో నేను రెండుచోట్ల తప్పాను. ఆమె ఒక్కచోట కూడా తప్పలేదు. పై ఎత్తుకి గొంతులు అందక పెద్దావిడలు నానా యాతన పడ్డారు గానీ, ఆ విజిల్ పలుకుతుంటే ఒక్కరూ నవ్వలేదు. నా కళ్ళు తడిశాయి.

బయటికొచ్చాక ఆమే దగ్గరికొచ్చింది.

"ఎప్పుడు నేర్చుకున్నారు?"

"తొమ్మిది రోజులైందండి."

"నాకింకా కోపంగానే ఉంది."

"ఆయ్."

"ఊరికే ఆయ్ అనకండి. అదిగో మా అమ్మ."

షైనీ అమ్మగారు సలోమి గారు మెడ రుద్దుకుంటూ వచ్చేశారు. "ఏం బాబూ శ్యామ్ బాబూ, పండగపూటా పాట అంత ఎత్తు లేపేసేవేంటి? పీకలు పట్టేసేయి మాకు."

"ఆయన్నే అడుగమ్మా, అంతా చెప్తారు," అంది షైనీ, చేతులు కట్టుకుని.

చెప్పాను. చీటీ, సంతకం, స్టిక్కరు, అన్నీ. షైనీ అంటే ఎంత ఇష్టమో అది కూడా. చెమటలు కారుతున్నా ఆపకుండా చెప్పాను.

సలోమి గారు నన్ను ఎగాదిగా చూశారు. "ఒక్క చీటీకే ఇంత కుళ్ళా నాయనా? మరి మా పిల్లంటే ఇంత ఇష్టమని సంతోషించాలో, ఇంత కుళ్ళు మనిషివని భయపడాలో నువ్వే చెప్పు."

నేను నోరు తెరిచేలోగా షైనీ అందుకుంది.

"రెండూ చెయ్యమ్మా. పదిరోజులనించీ నేను చేస్తున్నది అదే."