రెండిళ్లకు ఒకటే రౌటర్

గేమ్ కనెక్ట్ అయిపోయింది! హాజిరా సోఫా మీదే ఒక్క గెంతు గెంతింది.

ఇన్నాళ్లూ తను గేమ్ రూమ్ తెరిస్తే స్కూల్ ఫ్రెండ్స్ ఒక్కరూ లోపలికి రాలేకపోయేవారు. రౌటర్ అడ్డుపడుతోందని ఏదో వీడియోలో చూసింది. అంతే! రౌటర్ తిరగేసి, అడుగున స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ కొట్టి, సెట్టింగ్స్‌లోకి దూరింది. 'ఫైర్‌వాల్' అని ఉన్నచోట ఆఫ్ నొక్కేసింది. మన రౌటరే కదా, ఎవర్ని అడగాలి?

కానీ ఆ వైఫై వాళ్లొక్కళ్లదే కాదు. పై ఫ్లాట్‌లో ఉండే మేరాజ్ బేగం, హాజిరాకు పిన్నిలాంటి ఖాలా, కూడా అదే వాడుకుంటుంది. సౌదీలోని ధహ్రాన్‌లో వాళ్లుండే ఆ బిల్డింగ్‌లో చాలామందిది ఇదే పద్ధతి. రెండిళ్లకు ఒకటే రౌటర్.

శుక్రవారం జుమా నమాజ్ అయి మగవాళ్లంతా తిరిగొస్తున్నారు. ఉన్నట్టుండి మెట్ల మీద ఒకటే గోల. హాజిరా పరిగెత్తుకుంటూ వెళ్లింది.

మేరాజ్ ఖాలా చంకలో పసివాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఎదురుగా తబ్రేజ్ మామూ. వీధి చివర మొబైల్ రిపేర్ షాప్ ఆయనదే. ఖాలా ఇంట్లో ఉయ్యాల దగ్గర కెమెరా బిగించింది కూడా ఆయనే.

"కెమెరాలోంచి ఎవడో మాట్లాడినాడు! పిల్లోన్ని నిద్రపుచ్చుతా ఉంటే పకపకా నవ్వినాడు! బిగించింది నువ్వు. ఇంకెవరికి తెలుస్తాది?"

"అల్లా సాక్షిగా నేను కాదు ఆపా. బిగించిచ్చి వచ్చేసినా. మళ్ల దాని మొహమే చూడలే."

"ఆపా అనాకు! నోటితో ఆపా అని అక్కను చేస్తావు, కంటితో చూసేది ఇదా? ఇంకోసారి ఈ మెట్లెక్కితే చూడు!"

కింద నిలబడ్డవాళ్లలో ఒకాయన అందరికీ వినపడేలా అన్నాడు. "ఇట్లాంటోనికా మనం ఫోన్లిచ్చేది?"

తబ్రేజ్ మామూ తల దించుకుని మెట్లు దిగిపోయాడు.

హాజిరా వాళ్ల అబ్బా మహబూబ్ సుభాని ఆఫీసులో కంప్యూటర్లు చూసే టెక్నీషియన్. ఆ కెమెరా కూడా తమ వైఫైతోనే నడుస్తుంది కదా అని అనుమానమొచ్చి ఇంటికెళ్లి రౌటర్ సెట్టింగ్స్ తెరిచాడు.

"హాజిరా, దీన్ని ముట్టుకున్నావా?"

"గేమ్ కోసం అబ్బా... మన రౌటరే కదా అని."

"మనం లోపల్నుంచి పిలిచినోళ్లనే ఈ ఫైర్‌వాల్ రానిస్తాది. పిలవనోళ్లొస్తే బయటే ఆపుతాది. నువ్వు ఆ కాపలా తీసేసినావు. పైన కెమెరా చూస్తే పాతది, గట్టి తాళం లేదు. యాడ్నో ఉన్నోడెవడో దూరినాడు."

"అంటే... మామూ కాదా?"

"కాదు."

అబ్బా ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేశాక, ఇద్దరూ పైకెళ్లి చెప్పారు. మేరాజ్ ఖాలా అక్కడే కూలబడింది. "యా అల్లా! ఎన్ని మాటలన్న్యా!" అబ్బా తబ్రేజ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్తే, ఆయన "సరే భాయ్" అని కట్ చేసేశాడు.

అయిపోయిందనుకుంది హాజిరా. అవ్వలేదు! రోజూ స్కూల్ వ్యాన్ దిగగానే చూస్తోంది కదా, షాప్ ఖాళీగానే ఉంటోంది. తెలిసినవాళ్లే ఫోన్ చేత్తో పట్టుకుని, రోడ్డు దాటి ఇంకో షాప్‌కు పోతున్నారు.

"అబ్బా, నన్ను మామూ షాప్ కాడికి తీసుకుపో."

"ఫోన్లో చెప్పినాం కదమ్మా."

"మామూకి చెప్పినాం. ఆ మాటలు విన్నోళ్లకు చెప్పలే."

అబ్బా లేచి చెప్పులేసుకున్నాడు.

మసీదు నుంచి జనం వస్తున్నారు. హాజిరా షాప్ ముందు నిలబడింది.

"తబ్రేజ్ మామూ ఏం తప్పు చేయలే! రౌటర్లో ఫైర్‌వాల్ తీసేసింది నేను!"

ఇద్దరు ఆగారు. ఒకడు నవ్వాడు. ఆ రోజు ఫోన్ల మాట అన్నాయన వినపడనట్టే గబగబా వెళ్లిపోయాడు.

షాప్‌లో తబ్రేజ్ మామూ ఫోన్ విప్పుతూనే ఉన్నాడు. తలెత్తలేదు.

"మామూ, సారీ."

"ఇంటికి పోమ్మా. ఎండగా ఉంది."

అంతే. హాజిరా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ కదల్లేదు. రోడ్డు మలుపులో ఇంకో గుంపు వస్తోంది. చున్నీతో మొహం తుడుచుకుని, వాళ్లకు ఎదురెళ్లి, ఈసారి ఇంకా గట్టిగా మొదలుపెట్టింది.