రెండు వందల ఇరవై నాలుగో పన్ను

మధ్యాహ్నం గంట మోగి రెండు ఘడియలు కాకుండానే పంచాననం తూములోంచి మూడో శవాన్ని లాగాడు. పోరుదినాల్లో అది అతని పనే. పైన ఆనకట్ట మీద ఎవడు పడ్డా, కృష్ణ నీళ్ళు వాణ్ణి తిన్నగా గంట ఉండే కాలశాల కిందికి తెచ్చి నీటిచక్రం రెక్కల మధ్య ఇరికిస్తాయి. నీటిచక్రం ఆగితే ఇరుసు ఆగుతుంది, ఇరుసు ఆగితే పై గదిలో గ్రహణాలు లెక్కగట్టే యవనపెట్టె ఆగుతుంది. అందుకని పొడుగాటి కొక్కెంకర్ర ఎప్పుడూ గోడకి ఆనించి ఉంటుంది. కొక్కేన్ని నడుంపట్టీకి తగిలించాలి. చేతికి తగిలిస్తే చెయ్యి వస్తుంది గాని మనిషి రాడు. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు, పంచాననం ముప్ఫయ్యొక్కేళ్ళుగా లాగి లాగి నేర్చుకున్నాడు.

మూడోవాడి దవడలో గునపం మొన విరిగి ఉండిపోయింది. పంచాననం వాడి కళ్ళు మూసి, గట్టు మీద మిగతా ఇద్దరి పక్కన పడుకోబెట్టాడు. ఉత్తరపు ఒడ్డువాడు ఒకడు, తమ దక్షిణపు ఒడ్డువాళ్ళు ఇద్దరు. అడ్డు తొలగగానే చక్రం ఒక్క ఉదుటున తిరిగింది. పై గదిలో 'టక్'మంది.

పైన వెయ్యిమంది అరుస్తున్నారు. ఇనుము ఇనుముని కొరుకుతోంది. అయినా కంచు విరిగిన చప్పుడు కంచరివాడి చెవిని తప్పిపోదు. పంచాననం కొక్కెం అక్కడే పారేసి, అరవయ్యేళ్ళ మోకాళ్ళతో మెట్లన్నీ ఎక్కాడు.

పెట్టె తెరిచాడు. గ్రహణచక్రానికి ఒక పన్ను ఊడిపోయింది.

ఆ పన్ను విలువ తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. తాతల కాలంలో సూర్యుడు ఒకసారి తుమ్మాడు. ఆ తుమ్ముకి తీగల్లో పారే వెలుగంతా ఆరిపోయింది, చేతుల్లో పట్టుకు తిరిగే మాటపలకలన్నీ మూగవైపోయాయి, లాకులెత్తే యంత్రాలు ఇనపగుట్టలయ్యాయి. ఆ తర్వాత ఈ ఆనకట్ట నీళ్ళ కోసం రెండొడ్లవాళ్ళూ రాత్రనక పగలనక కొట్టుకున్నారు. చివరికి రెండొడ్లూ కలిపి మీసాలున్నవాళ్ళు నలభైమందే మిగిలారని చెబుతారు. మీసాల్లేనివాళ్ళు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అప్పుడు ఒడంబడిక రాసుకున్నారు. చంద్రగ్రహణం పట్టిన మర్నాడే పోరుదినం. మధ్యాహ్నం గంటకి మొదలు, సాయంత్రం గంటకి ఆఖరు. సాయంత్రం గంట మోగేటప్పుడు నడిమి లాకు ఎవరి చేతిలో ఉంటే, మళ్ళీ గ్రహణం దాకా నీళ్ళు వాళ్ళవి. గంటకీ గంటకీ మధ్య చస్తే అది పోరుమరణం, ఎవరికీ పాపం లేదు. గంట దాటాక చంపినా, వేరే రోజున చంపినా హత్య. దానికి తాడు సిద్ధం.

మరి గ్రహణం ఎప్పుడో ఎవరు చెప్పాలి? మనుషులు చెబితే ఒకళ్ళనొకళ్ళు నమ్మరు. రెండు వేల ఏళ్ళ కిందట పేరు తెలియని గ్రీకు కంచరి ఒకడు, సూర్యచంద్రుల్ని చెప్పులపెట్టెంత డబ్బాలో ఇమిడ్చాడు. అది ఓడతోపాటు సముద్రంలో మునిగి, తుప్పుముద్దగా పైకి తేలింది. దాని లోపలి బొమ్మ ఒక పాత పుస్తకంలో దొరికింది. ఆ బొమ్మ ముందేసుకుని పంచాననం మేనమామ గవరాచారీ, అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళ పంచాననమూ ఒడ్డుకొకటి చొప్పున నడుమెత్తు పెట్టెలు రెండు చేశారు. రెండు గ్రహణచక్రాల్నీ ఒకదాని మీద ఒకటి బిగించి, ఒకే ఆకురాయితో పళ్ళు కోశారు. అందుకే రెండు పెట్టెలూ ఈనాటికీ కవలపిల్లల్లా ఒకే మాట మాట్లాడతాయి. గంట మాత్రం ఒకటే, ఈ దక్షిణపు కాలశాలలో.

రెండు వందల ఇరవై మూడు పళ్ళు. నెలకో పన్ను. అన్ని నెలలు, అంటే పద్దెనిమిదేళ్ళు, గడిస్తే గ్రహణాలు మళ్ళీ మొదటి వరసలోనే వస్తాయి.

"ఎంతసేపు?" గుమ్మంలోంచి కాలపాలుడు కొండుభట్టు అడిగాడు. తెల్లపంచె మీద ఒక్క నెత్తురుచుక్క పడకుండా పోరుదినం గడపడం అతని విద్య.

"అతుకు ఆరాలి గదండీ అయ్యగారూ. ఘడియన్నర."

"పొద్దు గుంకేలోపు పెట్టె తిరక్కపోతే సుత్తి పడదు. సుత్తి పడకపోతే గంట మోగదు. గంట మోగకపోతే వాళ్ళు ఆగరు ఆచారీ. నీ కూతురు కూడా అక్కడే ఉందని మర్చిపోకు."

"మర్చిపోతే గుర్తు చెయ్యటానికి మీరున్నారుగా."

కిటికీలోంచి నడిమి లాకు కనిపిస్తోంది. లాకు తిప్పే పెద్ద ఇనపచక్రం దగ్గర కూతురు వజ్రం ఉంది. ఎర్రపట్టీ కట్టుకున్న జడ, చేతిలో పొట్టి ఈటె. ఉత్తరపువాడొకడు గొడ్డలెత్తి మీదికి ఉరికాడు. ఆమె పక్కకి కూడా జరగలేదు, ఈటె వాడి బొడ్డుకింద దింపి, కాలితో తన్ని బయటికి లాక్కుంది. వాడు పేగులు రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూస్తూ, పిట్టగోడ మీంచి వెనక్కి పడ్డాడు.

నాలుగోవాణ్ణి తూములోంచి తనే లాగాలి.

పంచాననం పనిలో పడ్డాడు. ఊడిన చోట విసనకర్ర ఆకారంలో గాడి కోసి, కొత్త కంచుముక్క దిగేసి, వెలిగారం చల్లి మాటు వేసి అతికాడు. ఆకురాయితో పన్నుకి రెండు భుజాలూ తీశాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఈ పని చేసేటప్పుడల్లా అతనికి ఆ గ్రీకువాడు గుర్తొస్తాడు. రెండు వందల ఇరవై మూడు మొండి అంకె, సగం చెయ్యనివ్వదు, మూడు భాగాలు చెయ్యనివ్వదు. వృత్తలేఖినితో అంచు వెంట ఒక్కో అడుగే వేసుకుంటూ పోవాలి. వెంట్రుక వాసి తప్పు అడుగడుక్కీ పోగుపడి, ఆఖరి పన్ను దగ్గరికి వచ్చేసరికి అది బూరెలా లావుగానన్నా మిగులుతుంది, జంతికలా సన్నగానన్నా మిగులుతుంది. ఆ గ్రీకువాడికీ అక్కడే చెమట పట్టి ఉంటుంది.

పన్ను కూర్చున్నాక మొత్తం లెక్కపెట్టాలి. అది ఆనవాయితీ. వడ్లు కొలిచేవాళ్ళు చెప్పినట్టే, మొదటిదాన్ని 'ఒకటి' అనకూడదు, శుభమా అని 'లాభం' అనాలి.

"లాభం... రెండు... మూడు..."

పదికోసారి సున్నపుచుక్క పెట్టుకుంటూ పోయాడు. చివరికి ఇరవై రెండు చుక్కలొచ్చాయి. పైన మూడు పళ్ళుండాలి. నాలుగున్నాయి.

చుక్కలు తుడిచేసి మళ్ళీ లెక్కపెట్టాడు. నాలుగే ఉన్నాయి.

అప్పుడు అతని వేళ్ళకి ముప్ఫయ్యొక్కేళ్ళ కిందటి చల్లదనం తగిలింది. మేనమామ మొదటి పన్ను మీద వేలుపెట్టి "లాభం" అన్నాడు. ఇంతలో దగ్గు తెర వచ్చి, "నువ్వు పెట్టరా అబ్బాయ్" అని చక్రం ఇచ్చేశాడు. తను పక్కపన్ను మీద వేలుపెట్టి "ఒకటి" అన్నాడు. మామ లాభం అన్న పన్ను లెక్కలో కలవక, రెండు వందల ఇరవై రెండే వచ్చాయి. ఒకటి తక్కువైంది. ఆఖరి పన్ను చూస్తే బూరెలా ఉంది. ఇదన్నమాట తప్పు అనుకుని, రెండు చక్రాలకీ కలిపి ఆ లావుపన్నుని నిలువునా చీల్చి రెండు చేశాడు. పక్కవాటిని కాస్త కాస్త గీకి సర్దేశాడు. మామ చూసి, "భేష్, చేత్తో చేసినట్టే లేదురా" అని మెచ్చుకున్నాడు కూడా.

పద్దెనిమిదేళ్ళకో నెల తప్పు. మొదటి తొమ్మిదేళ్ళూ ముల్లు సరైన గడిలోనే ఉండి ఉంటుంది. ఆ తర్వాత పక్కగడిలోకి, ఈమధ్య దాని పక్కదాంట్లోకి వాలిపోయింది. అంటే ఇరవై రెండేళ్ళ పోరుదినాలు తప్పు. పెద్దకొడుకు ఈశ్వరుడు ఈ పిట్టగోడ మీదే తల పగిలి పోయి పదకొండేళ్ళు.

"లెక్క సరిపోయిందా?" అన్నాడు కొండుభట్టు.

"రెండొందల ఇరవై నాలుగండీ."

"మళ్ళీ పెట్టు."

"రెండుసార్లు పెట్టాను."

"అయితే ఇరవై మూడు వచ్చేదాకా పెట్టు."

"ఇవాళ పోరుదినం కాదయ్యగారూ. రాత్రి గ్రహణం పట్టలేదు."

"నువ్వు చూశావా?"

"గ్రహణం చూస్తే కనుగుడ్లు గేదెకళ్ళయిపోతాయని అందరితోపాటు నేనూ తలుపేసుకు పడుకున్నాను. మీరు చూశారా? పోనీ, రెండు నెలల కిందటి పున్నమికి చంద్రుడు ఇటుకలా ఎర్రబడ్డాడే, అది చూశారుగా? దొంగగ్రహణం, ఎవరూ నమ్మొద్దు అని దండోరా వేయించింది మీరే."

కొండుభట్టు తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"నాకు ఆరేళ్ళుగా అనుమానం ఉంది. అడగలేదు. ఎందుకడగలేదో విను. నీ కూతురు ఇందాకటికి నలుగుర్ని చంపింది, నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఆ నాలుగూ ఇప్పుడు పోరుమరణాలు. నువ్వు నోరు తెరిచిన మరుక్షణం నాలుగు హత్యలు. ఆ పిల్ల మెడకి ఒక్క తాడు చాలు. ఆ పిల్లకే కాదు, రెండొడ్లా ఇంటికొక హంతకుడు తేలతాడు. పన్ను వేశావు, చక్రం బిగించు. సాయంత్రం గంట మోగుతుంది, అమ్మాయి ఇంటికొచ్చి అన్నం తింటుంది."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు, అదే చిక్కు. పంచాననం చక్రాన్ని చేతిలోకి తీసుకుని పెట్టె దగ్గరికి నడిచాడు. కిటికీ బయట వజ్రం భుజం మీద కొత్తగా ఒక ఎర్రటి నోరు తెరుచుకుంది. ఆమె దాన్ని చూసుకోను కూడా లేదు. ఎదుటివాణ్ణి కింద పడేసి రొమ్ము మీద మోకాలు మోపి, నడుంలోని బాకు తీస్తోంది. పొద్దు గుంకడానికి ఇంకా రెండు గంటలుంది. ఈలోపు అయిదోవాడు పోవచ్చు. లేదా ఎవడి లెక్కలోనో ఆమే అయిదోది కావచ్చు.

అతను చక్రాన్ని ఇరుసుకి ఎక్కించలేదు. పంచె మడతలో దోపుకుని, తన పనిసుత్తి అందుకున్నాడు.

"ఆచారీ!"

గంటకి తాడు లేదు. మనిషి చెయ్యి అందకూడదనే దాన్ని కప్పుకి వేలాడదీశారు. పంచాననం పెట్టె మీదికే ఎక్కాడు. కొండుభట్టు అతని కాలు పట్టుకు గుంజి, మొలలోంచి బాకు దూసి పిక్కలో దింపాడు. ఎముక మీద మొన గీసుకున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. పంచాననం వంగి సుత్తితో ఆ మణికట్టు మీద ఒక్కటి వేశాడు. మణికట్టు మెత్తగా నలిగింది. కాలపాలుడు తెల్లపంచెతో సహా నేల మీద కూలబడ్డాడు.

అప్పుడు గంట కొట్టాడు. ఆ మోత సముద్రం దాకా పోయిందంటారు గాని అంత ఒప్పుకోనక్కర్లేదు, సగం దారి దాకా ఒప్పుకుంటే చాలు.

ఆనకట్ట మీద ఎత్తిన చేతులు ఎత్తినట్టే నిలిచిపోయాయి. గంట వింటే ఆయుధం వదలాలని రెండొడ్లా పిల్లలకి నడక రాకముందే నేర్పుతారు. ఇనుము రాళ్ళ మీద వరసగా రాలింది. ఒకడి గొడ్డలి మాత్రం అప్పటికే సగం దూరం వచ్చేసింది. అది ఎదుటివాడి మెడలో దిగాక, కొట్టినవాడు గంట వంకా గొడ్డలి వంకా చూసి వెక్కి వెక్కి ఏడవడం మొదలెట్టాడు. అందరూ తలలెత్తారు. సూర్యుడు ఇంకా రెండు తాడిచెట్ల ఎత్తున ఉన్నాడు.

పంచాననం కుంటుకుంటూ, జారే నెత్తుట్లో శవాల్ని దాటుకుంటూ నడిమి లాకు దగ్గరికి వచ్చాడు.

వజ్రం మోకాలు తియ్యలేదు. మోకాలి కింద ఉత్తరపు ఒడ్డున బల్లకట్టు నడిపే బొర్రయ్య ఉన్నాడు. యాభయ్యేళ్ళవాడు, చెవి ఒకటి సగమే ఉంది.

"గంటెవరు కొట్టమన్నారు నానా? లాకు చేతికొచ్చింది! ఇంకాసేపుంటే మనదే!"

"నేనే కొట్టాను. ఇవాళ పోరుదినం కాదమ్మా." చక్రం తీసి చూపించాడు. "ఒక పన్ను ఎక్కువ కోశాను. ఇరవై రెండేళ్ళుగా ఏ రోజూ కాదు."

ఆమె భుజం నించి కారిన నెత్తురు బాకు మొన దాకా వచ్చి, బొర్రయ్య గడ్డం మీద బొట్లుబొట్లుగా పడుతోంది.

"అన్నయ్య పోయిన రోజు?"

"అదీ కాదు."

"ఇవాళ నలుగుర్ని చంపాను నానా."

"తెలుసు. కిటికీలోంచి చూశాను."

"ఏవమ్మోయ్," కిందనించి బొర్రయ్య మూలిగాడు, "నన్ను అయిదోవాణ్ణి చేస్తావో చెయ్యవో తొందరగా తేల్చు. మోకాలు పక్కటెముకలోకి దిగబడిపోతోంది."

అంతలో కాలశాల గుమ్మంలోంచి కొండుభట్టు కేక వినిపించింది. నలిగిన చేతిని పొట్టకి అదుముకుని అరుస్తున్నాడు. "దొంగగంట! మనిషి కొట్టిన గంట! చెల్లదు! పోరు సాగనియ్యండి!"

దక్షిణపు కొసన ఎవడో వంగి గునపం ఎత్తుకున్నాడు. ఉత్తరపు కొసన ఇద్దరు ఎత్తుకున్నారు. మళ్ళీ ఇనుము మోగింది. ఒక గావుకేక, నీళ్ళలో ఎవరో పడిన చప్పుడు.

"ఏం చెయ్యమంటావు నానా?"

"నేను చెప్పను. ముప్ఫయ్యొక్కేళ్ళు నా పెట్టె చెప్పింది చాలు."

వజ్రం బాకు వంక చూసింది. తర్వాత మోకాలు తీసింది. బొర్రయ్య దొర్లి లేచి, దగ్గి, నెత్తురు ఉమ్మి, పక్కన పడి ఉన్న తన కత్తి తీసుకున్నాడు. ఆమె ఆపలేదు. ఇద్దరూ ఒక్క క్షణం ఎదురెదురుగా నిలబడ్డారు.

"ఎన్ని పళ్ళున్నాయి పెద్దాయనా?" అన్నాడు బొర్రయ్య.

"రెండొందల ఇరవై నాలుగు."

"దక్షిణపోడి మాట నేను నమ్మను. ఇటివ్వు." కత్తి చంకలో ఇరికించుకుని చక్రం లాక్కుని, పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాడు. నెత్తుటి బొటనవేలు ఒక పన్ను మీద ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. "మా పెట్టె కూడా ఇదే చేత్తో చేశావుగా? ఊఁ... ఒకటి. రెండు."

ఉత్తరపువాళ్ళు ఇద్దరు అటు నించి వస్తున్నారు. ఇటు నించి వజ్రం దళంలోవాడే, చిన్నప్పటి నించి తెలిసిన ఓబులేసు, ఇనపకడ్డీ ఎత్తి, కూర్చున్న బొర్రయ్య తల మీదికి ఉరికాడు.

వజ్రం అడ్డం వెళ్ళింది. కింద పడి ఉన్న తన ఈటె అందుకుని, వెనకకొసతో అతని మోచేతి మీద కొట్టింది. కీలు ఊడింది, కడ్డీ ఎగిరి ఏట్లో పడింది.

"నీకేం పిచ్చా? వాడు ఉత్తరపోడే!" అన్నాడు ఓబులేసు వేలాడుతున్న చెయ్యి పట్టుకుని.

"తెలుసు. అవతలికి పో," అంది వజ్రం, ఈటె మొన అటు తిప్పి, కాళ్ళు ఎడంగా నిలబెట్టి. "అరవకు. లెక్క తప్పుతాడు."

వెనకాల బొర్రయ్య, "నలభై మూడు," అన్నాడు.